బేసి సంవత్సరం ఆయనది, రాత్రులు మీవి

డాలస్ శివార్ల నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. అందులోని విషయం ఇది.

2023లో విడాకులయ్యాయి. తొమ్మిదేళ్ల పాప ఉంది, అమెరికాలోనే పుట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ హెచ్-1బి మీద ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మళ్లీ పెళ్లి ఎవరూ చేసుకోలేదు. రెండిళ్ల మధ్య ఇరవై నిమిషాల డ్రైవ్. ఆదివారం నుంచి బుధవారం దాకా రాత్రుళ్లు పాప తల్లి దగ్గర పడుకుంటుంది, గురు, శుక్ర, శనివారాలు తండ్రి దగ్గర. బేసి సంవత్సరాల్లో తండ్రి, సరి సంవత్సరాల్లో తల్లి పాపను పన్ను లెక్కలో డిపెండెంట్‌గా, అంటే తమ మీద ఆధారపడిన బిడ్డగా, చూపుకోవాలని కోర్టు డిక్రీలో ఉంది. డిసెంబరు 31 నాటికి చైల్డ్ సపోర్టు (పాప పోషణకు నెలనెలా ఇచ్చే డబ్బు) బాకీ లేకపోతేనే తండ్రికి ఆ హక్కు అని ఒక షరతు కూడా పెట్టారు. ఆయన నెలకు వెయ్యి డాలర్లు తప్పకుండా ఇస్తున్నారు, బాకీ లేదు. 2024కి ఈమె చూపుకున్నారు, గొడవ రాలేదు. 2025 రిటర్న్ మాత్రం ఆయన ఫిబ్రవరిలోనే ఫైల్ చేసేశారు. మార్చిలో ఈమె అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి ఈ-ఫైల్ నొక్కితే, ఈ పాప సోషల్ సెక్యూరిటీ నంబరు ఇప్పటికే మరొకరి రిటర్న్‌లో ఉందంటూ తిరగ్గొట్టింది.

అడిగితే ఆయన తన రిటర్న్ పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పెట్టి, "చూసుకో, యాక్సెప్ట్ అయిపోయింది. డిక్రీ ఉంది, నెలనెలా డబ్బిస్తున్నాను. పైగా పోయిన వేసవిలో ఆరు వారాలు విజయవాడలో నా దగ్గరే ఉంది. లెక్కేస్తే 184 రాత్రులు నావి" అన్నారట. "నేను ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు, పాప నా దగ్గరే ఎక్కువ ఉంటుంది, మరి ఆయనదెలా చెల్లింది?" అన్నది ఈమె ప్రశ్న. స్నేహితురాలు "పేపర్ రిటర్న్ పంపెయ్, ఐఆర్ఎస్సే తేలుస్తుంది" అంటోంది. అన్నయ్య "రెండు వేల డాలర్లకి మళ్లీ రచ్చెందుకమ్మా, వదిలెయ్" అంటున్నారు. ఐఆర్ఎస్ నుంచి ఉత్తరమొస్తే గ్రీన్‌కార్డుకు అడ్డమవుతుందేమోనన్న భయం ఉత్తరం చివర్లో రెండుసార్లు కనిపించింది.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ పీడీఎఫ్‌లో ఉన్నాయని మీరు రాసిన అంకెలు మరోసారి చూశాను. మీరిద్దరూ ఒకే విషయం మీద కొట్లాడుకుంటున్నామనుకుంటున్నారు. కాదు, ఇక్కడ రెండు వేర్వేరు పద్దులున్నాయి. ఒకటి ఐఆర్ఎస్‌ది. దానికి రాత్రులూ సంతకమూ తప్ప ఇంకేం పట్టవు. రెండోది ఫ్యామిలీ కోర్టుది. దానికి డిక్రీలో రాసిన మాటే ముఖ్యం. మొదటి పద్దులో మీది పైచేయి. రెండో పద్దులో ఆయనది. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే మీకు కోపం వస్తోంది, ఆయనకు ధీమా వస్తోంది.

ముందు ఐఆర్ఎస్ సంగతి. వాళ్ల దృష్టిలో సంవత్సరంలో ఎక్కువ రాత్రులు బిడ్డ ఎవరి దగ్గర పడుకుందో వాళ్లే కస్టోడియల్ పేరెంట్. డిక్రీలో ఎవరిని ఏమని రాసినా ఈ లెక్క మారదు. రాత్రులు సరిసమానమైతే ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్లు. 366 రోజుల లీపు సంవత్సరంలో 183-183 కుదురుతుంది, మామూలు ఏడాదిలో కుదరదు. డిపెండెంట్ హక్కు మొదట కస్టోడియల్ పేరెంట్‌దే. దాన్ని రెండోవాళ్లకు ఇవ్వాలంటే ఫారం 8332 మీద సంతకం పెట్టి ఇవ్వాలి, వాళ్లు దాన్ని తమ రిటర్న్‌కి జతచెయ్యాలి. 2008 తర్వాత వచ్చిన విడాకుల డిక్రీలలో పేజీలు జిరాక్స్ తీసి పెడితే ఐఆర్ఎస్ ఒప్పుకోదు. మీది 2023 డిక్రీ. కాబట్టి "డిక్రీ ఉంది కదా" అన్న ఆయన మాట ఐఆర్ఎస్ దగ్గర చెల్లదు.

నెలనెలా ఇచ్చే వెయ్యి డాలర్లు కూడా ఇక్కడ పనికిరావు. పోషణ పరీక్షలో అడిగేది పాప తన ఖర్చులో సగానికి మించి తానే సంపాదించుకుంటోందా అన్నది మాత్రమే. తొమ్మిదేళ్ల పిల్ల విషయంలో ఆ ప్రశ్నే రాదు. చైల్డ్ సపోర్టు ఇచ్చినవాళ్లకు మినహాయింపూ కాదు, తీసుకున్నవాళ్లకు ఆదాయమూ కాదు.

"యాక్సెప్ట్ అయింది" అన్నదానికీ పెద్ద అర్థం లేదు. ఆ సోషల్ సెక్యూరిటీ నంబరుతో అప్పటికి ఇంకెవరూ ఫైల్ చెయ్యలేదని తప్ప, హక్కు ఎవరిదో కంప్యూటర్ చూడలేదు. ముందు వచ్చి సీటు మీద తువ్వాలు వేసినట్టు, అంతే.

ఇప్పుడు ఆ 184. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యకండి. ఆయన ఎలా లెక్కేశారో చూద్దాం. 2025లో గురు, శుక్ర, శనివారాలు ఒక్కొక్కటి 52 వచ్చాయి, అంటే వారాల పద్ధతి ప్రకారం ఆయనవి 156 రాత్రులు. మిగిలిన 209 మీవి. ఇండియా ప్రయాణం జూన్ 8 ఆదివారం రాత్రి నుంచి జూలై 19 శనివారం రాత్రి దాకా, మొత్తం 42 రాత్రులు. మామూలుగానైతే ఈ ఆరు వారాల్లో ఆయనవి 18, మీవి 24. ఆయన ఆ 24నీ తన పద్దులో కలుపుకున్నారు. అక్టోబరులో మీరు ట్రెయినింగ్‌కి వేరే రాష్ట్రం వెళ్లినప్పుడు పాప ఆయన ఇంట్లో పడుకున్న నాలుగు రాత్రులూ కలిపారు. 156కి 24, ఆపైన 4 కలిపితే 184. మీకు మిగిలేవి 181. కూడికలో తప్పు లేదు.

అక్టోబరు రాత్రులు నాలుగూ నిజంగా ఆయనవే. ఇండియా లెక్క దగ్గరే తేడా ఉంది. నియమం ఇలా ఉంటుంది: బిడ్డ ఒక పేరెంట్ ఇంట్లో పడుకుంటే, ఆ సమయానికి ఆ పేరెంట్ ఇంట్లో ఉన్నా లేకపోయినా, ఆ రాత్రి వాళ్లదే. ఇంట్లో కాకుండా ఆ పేరెంట్‌తో కలిసి ఇంకెక్కడ పడుకున్నా, సెలవుల్లో ఊరెళ్లినా సరే, అదీ వాళ్లదే. ఇద్దరి ఇళ్లలోనూ కాకుండా, ఇద్దరిలో ఎవరూ పక్కన లేకుండా మూడోచోట పడుకుంటే మాత్రం, ఆ ప్రయాణమే లేకపోతే ఆ రాత్రి మామూలుగా ఎవరి దగ్గర ఉండేదో వాళ్ల పద్దులోకి వెళ్తుంది.

ఆయన జూన్ 29న సెలవు అయిపోయి తిరిగి వచ్చేశారనీ, పాప నానమ్మా తాతయ్యల దగ్గర ఉండిపోయి జూలై 20న మీ తమ్ముడితో వచ్చిందనీ మీరు రాశారు. ఆ ఒక్క వాక్యంలోనే అసలు విషయమంతా ఉంది. జూన్ 8 నుంచి 28 దాకా 21 రాత్రులు ఆయన పక్కన ఉన్నారు, అవి ఆయనవే, వాదించకండి. జూన్ 29 నుంచి జూలై 19 దాకా ఉన్న 21 రాత్రులు ఎవరింట్లోనూ కాదు. నానమ్మ ఇల్లు తండ్రి ఇల్లు కాదు. వాటిని వారాల పద్ధతి ప్రకారం పంచితే ఆయనకు 9, మీకు 12. అప్పుడు ఆయన మొత్తం 172, మీది 193. కస్టోడియల్ పేరెంట్ మీరే.

ఒక్క మెలిక ఉంది. ఆ ఆరు వారాలూ "మామూలుగా" ఎవరి దగ్గర ఉండాల్సింది అన్న ప్రశ్నకు మీ డిక్రీలోని వేసవి క్లాజు జవాబు చెబుతుంది. టెక్సస్ డిక్రీలలో వేసవిలో తండ్రికి అదనంగా రోజులు రాయడం మామూలే. మీ ఉత్తరంలో వేసవి గురించి విడిగా ఏమీ లేదన్నారు గానీ, డిక్రీ తీసి వేసవి సెలవుల పేరా మళ్లీ చదవండి. ఆ రోజులు ఆయనకే రాసి ఉంటే ఆ 12 రాత్రులూ ఆయనవైపు వెళ్తాయి, 184-181 నిజమైపోతుంది. అలాగే ప్రయాణానికి ముందు మీరిద్దరూ వాట్సాప్‌లో ఏం రాసుకున్నారో చూడండి. "పాపను నానమ్మ వాళ్లకి చూపించి తీసుకురండి" అన్నదానికీ, "ఈ వేసవి ఆరు వారాలు మీవే, బదులుగా క్రిస్మస్ నాది" అన్నదానికీ చాలా తేడా. రెండోరకం మెసేజ్ ఉంటే మీ వాదన బలహీనపడుతుంది.

ఇంక ఆయన రిటర్న్‌లో నాకు కనిపించిన తప్పు డిపెండెంట్ ఒక్కటే కాదు. ఫైలింగ్ స్టేటస్ దగ్గర హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (బిడ్డతో ఉంటూ ఇల్లు నడిపే ఒంటరి పేరెంట్‌కి పన్ను తగ్గే వర్గం) గడిలో టిక్ ఉందని రాశారు. మూడు వేల డాలర్ల ఆఫ్టర్‌స్కూల్ ఫీజు మీద ఆరు వందల కేర్ క్రెడిట్ (పిల్లల సంరక్షణ ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) కూడా ఉందన్నారు. ఫీజు కట్టేది మీరు! ఈ రెండూ మీ సంతకంతో కూడా ఆయనకు రావు. ఫారం 8332 బదిలీ చేసేది చైల్డ్ టాక్స్ క్రెడిట్‌నీ, దాని వెంట ఉండే ఒకటి రెండు క్రెడిట్‌లనీ మాత్రమే. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్, పిల్లల సంరక్షణ క్రెడిట్, తక్కువ జీతాలవాళ్లకు వచ్చే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్, ఇవి కస్టోడియల్ పేరెంట్ దగ్గరే ఉంటాయి. ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు.

చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. చైల్డ్ టాక్స్ క్రెడిట్ 2025కి బిడ్డకు 2,200 డాలర్లు. మీ జీతం 88 వేలు అన్నారు కాబట్టి మీ అంకెలతోనే చెబుతాను. సింగిల్‌గా ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసేముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 15,750, పన్ను దాదాపు 10,809. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా అయితే డిడక్షన్ 23,625, శ్లాబులు కూడా వెడల్పు, పన్ను దాదాపు 7,385. తేడా 3,424. దానికి కేర్ క్రెడిట్ 600 కలిపితే నాలుగు వేలు దాటింది. మీరు పోగొట్టుకుంటున్నామని బాధపడుతున్న 2,200 కన్నా మీ చేతిలోనే ఉండి మీరు గమనించనిది ఎక్కువ. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఈ లెక్క ఇక్కడితో ఆగింది. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే ఆ రిటర్న్ కూడా చూసుకోవాలి.

హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి ఇంకో షరతు, ఇంటి ఖర్చులో సగానికి మించి మీరు పెట్టాలి. అద్దె 1,900, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 260, సరుకులు 500, మొత్తం 2,660 అని రాశారు. ఆయనిచ్చే వెయ్యీ ఇంట్లోకే పోయిందనుకున్నా, మిగతా 1,660 మీ జీతం. సరిపోయింది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

స్నేహితురాలు చెప్పిన దారి: పాపను మీరే డిపెండెంట్‌గా చూపుతూ ఫైల్ చెయ్యడం. దీనికి ఇప్పుడు పేపర్ రిటర్న్ అక్కర్లేదు. 2025 ఫైలింగ్ సీజన్ నుంచి, మీ పేరు మీద ఐపీ పిన్ (రిటర్న్ వేసేది మీరేనని చూపే ఐఆర్ఎస్ రహస్య సంఖ్య) ఉంటే, డిపెండెంట్ ఇంకొకరి రిటర్న్‌లో ఉన్నా రెండో రిటర్న్‌ని ఈ-ఫైల్‌లో తీసుకుంటున్నారు. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో మీ ఖాతా తెరిచి గుర్తింపు కార్డుతో వెరిఫై చేసుకుంటే ఆరంకెల పిన్ వస్తుంది. ఏటా కొత్త పిన్ ఇస్తారు, నిరుటిది పనిచెయ్యదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ పిన్ అడిగేచోట మీది, అంటే రిటర్న్ వేసేవాళ్లది, పెట్టాలి. పాప గడిలో కాదు.

ఇలా పంపాక కొన్ని నెలలకు సీపీ87ఏ అనే నోటీసు మీ ఇద్దరికీ రావచ్చు. ఈ డిపెండెంట్‌ని ఇంకొకరు కూడా చూపారు, మీది తప్పైతే 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్ వేసి సరిచేసుకోండి, ఒప్పైతే ఏమీ చెయ్యక్కర్లేదు అని మాత్రమే అందులో ఉంటుంది. అవతలివాళ్ల పేరు చెప్పరు. ఇద్దరూ కదలకపోతే ఒకరినో ఇద్దరినో ఉత్తరాల ద్వారా ఆడిట్ చేస్తారు. అప్పుడు అడిగే కాగితాల జాబితా ఫారం 886-హెచ్-డెప్‌లో ఉంటుంది. స్కూలు లెటర్‌హెడ్ మీద పాప పేరు, మీ చిరునామా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఉండాలి. తేదీలు లేని లెటర్ సరిపోదు. పిల్లల డాక్టర్ దగ్గర రికార్డు, అపార్ట్‌మెంట్ లీజులో పాప పేరు ఉన్న పేజీ కూడా పనికొస్తాయి. మీ కేసులో వీటన్నిటికన్నా విలువైనది, జూన్ 29న ఆయన ఒక్కరే తిరిగొచ్చారనడానికి రుజువు. ఆ రోజు ఎయిర్‌పోర్టు నుంచి ఆయన పంపిన మెసేజ్, పాప తిరుగు టికెట్ మీ తమ్ముడి బుకింగ్‌లో ఉన్న కాపీ, పాప పాస్‌పోర్టులో ముద్రలు, ఇవి ఫోన్ మార్చేలోపు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఆడిట్‌లో కూడా తేలకపోతే డెఫిషియన్సీ నోటీసు, అంటే ఇంత పన్ను తక్కువైందని చెప్పే నోటీసు, వస్తుంది. దాని మీద 90 రోజుల్లోపు టాక్స్ కోర్టుకు వెళ్లొచ్చు, ఫీజు 60 డాలర్లు. ఈలోగా ఉద్యోగం పోయో మరెందుకో ఇండియా వెళ్లి ఉంటే, అక్కడి చిరునామాకు వచ్చిన నోటీసుకు 150 రోజులు. ఓడిపోయినవాళ్లు తీసుకున్నది వడ్డీతో కట్టాలి, 20 శాతం దాకా పెనాల్టీ పడొచ్చు. తర్వాత ఆ క్రెడిట్ మళ్లీ అడగాలంటే ఫారం 8862 జతచెయ్యాలి. నియమం తెలిసి కూడా లెక్కచెయ్యకుండా అడిగారని తేల్చితే రెండేళ్లు ఆ క్రెడిట్ దక్కదు.

193-172 నిలబడితే ఈ దారిలో ఐఆర్ఎస్ దగ్గర మీరు గెలుస్తారు. ఆ తర్వాత ఆయన చేసే పని ఫ్యామిలీ కోర్టుకు వెళ్లడం. అక్కడ జడ్జి చూసేది డిక్రీ: 2025 బేసి సంవత్సరం, సపోర్టు బాకీ లేదు, హక్కు తండ్రిది. ఫారం మీద సంతకం పెట్టమనొచ్చు, ఆయన నష్టపోయింది ఇప్పించొచ్చు, వకీలు ఫీజు కూడా మీ నెత్తిన పడొచ్చు. డాలస్‌లో ఫ్యామిలీ లాయర్ గంటకు ఎంత తీసుకుంటాడో మీకు నాకన్నా బాగా గుర్తుండి ఉంటుంది. 2,200 కోసం అంత దూరం వెళ్లడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

రెండో దారి: 2025 సంవత్సరానికి మాత్రం ఫారం 8332 మీద సంతకం పెట్టి ఇవ్వడం, మీ రిటర్న్‌లో హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్, కేర్ క్రెడిట్ నిలబెట్టుకోవడం. నాకు మొగ్గు ఇటే ఉంది. ఫారంలో మూడు భాగాలుంటాయి. మొదటి భాగంలో 2025 అని రాసి, పాప పేరూ మీ సోషల్ సెక్యూరిటీ నంబరూ తేదీ వేసి సంతకం పెట్టండి. రెండో భాగం భవిష్యత్ సంవత్సరాలది, అది ఖాళీగా వదలండి. "ఎలాగూ బేసి సంవత్సరాలు నావే కదా, ఒకేసారి పెట్టెయ్" అని అడిగితే ఒప్పుకోకండి. మీ డిక్రీలో సపోర్టు బాకీ షరతు ఉంది. ఫారంలో షరతులు రాయడానికి చోటు లేదు. ఒకసారి 2027, 2029 అని రాసిస్తే బాకీ పెట్టినా క్రెడిట్ ఆయనకే పోతుంది. మూడో భాగంతో రద్దు చేసుకోవచ్చు గానీ, మీరు ఆయనకు నోటీసు ఇచ్చిన మరుసటి సంవత్సరం నుంచే అది అమల్లోకి వస్తుంది. ఏటేటా జనవరిలో, డిసెంబరు 31 నాటి బాకీ చూసుకుని, ఒక్కో సంవత్సరానికి సంతకం పెట్టడమే మంచిది.

మీ సాఫ్ట్‌వేర్‌లో పాపను తీసెయ్యకండి, ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అదే. పాప వివరాలన్నీ పెట్టండి, మీ దగ్గర ఎన్ని నెలలు ఉందో రాయండి, "ఈ సంవత్సరం హక్కు మరొక పేరెంట్‌కి ఇచ్చారా, ఫారం 8332 ఉందా" అన్న ప్రశ్నకు అవునని చెప్పండి. అప్పుడు చైల్డ్ టాక్స్ క్రెడిట్ పోయి మిగతా రెండూ నిలుస్తాయి. పాపను పూర్తిగా తీసేస్తే సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని సింగిల్ చేసేస్తుంది, 3,424 గాల్లో కలుస్తుంది. ఆయన కూడా హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ పెట్టి ఉన్నారు కాబట్టి ఇక్కడా ఐపీ పిన్‌తోనే పంపండి. గడువు ఏప్రిల్ 15. ఆలోగా తేలకపోతే ఫారం 4868తో అక్టోబరు 15 దాకా సమయం తీసుకోవచ్చు. అది కాగితాలకే, కట్టాల్సిన పన్ను ఉంటే ఏప్రిల్ 15కే కట్టాలి.

ఇటు ఆయన చెయ్యాల్సిందీ ఉంది. 1040-ఎక్స్ వేసి, స్టేటస్‌ను సింగిల్‌కి మార్చి, కేర్ క్రెడిట్ తీసేసి, మీరిచ్చిన ఫారం 8332 జతపరచాలి. జీతం లక్షా ముప్పై వేలు అన్నారు కాబట్టి ఆ స్టేటస్ మార్పుతో దాదాపు 3,629, కేర్ క్రెడిట్‌తో 600, మొత్తం నాలుగు వేల పైచిలుకు, కొద్ది వడ్డీతో తిరిగి కడతారు. 2,200 ఆయన దగ్గరే ఉంటుంది. ఇది విని ఆయన సంతోషించరు. ఐఆర్ఎస్ అడగకముందే తనంతట తాను సరిచేసుకుంటే పెనాల్టీ తప్పే అవకాశం ఎక్కువ అని చెప్పండి, వినొచ్చు. కానీ "నువ్వు సవరిస్తేనే నేను సంతకం పెడతా" అని ముడిపెట్టకండి. డిక్రీలో సంతకానికున్న షరతు సపోర్టు బాకీ ఒక్కటే, రేపు కోర్టులో ఆ మెసేజ్ మీకే ఎదురు తిరుగుతుంది. రెండు ఈమెయిళ్లు రాయండి, విడివిడిగా. ఒకదాంట్లో సంతకం చేసిన ఫారం, ఇంకోదాంట్లో రాత్రుల లెక్క, 1040-ఎక్స్ వెయ్యమన్న వినతి. ఆయన సవరించకపోయినా మీ రిటర్న్ ఆగదు, సీపీ87ఏ వచ్చినా మీరు చెయ్యాల్సింది ఏమీ ఉండదు.

రాత్రులు 184-181 అని తేలితే మాత్రం ఇదంతా తలకిందులవుతుంది. అప్పుడు కస్టోడియల్ పేరెంట్ ఆయనే, మీ సంతకం అక్కర్లేదు, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కూడా ఆయనదే. ఫీజు కట్టింది మీరు కనక కేర్ క్రెడిట్ ఎవరికీ రాదు. అందుకే ఫారం సంతకం పెట్టే ముందే డిక్రీ వేసవి పేరా చదవమన్నది. మీ గొడవ 2,200 మీద కాదు, విజయవాడలో పాప నానమ్మ పక్కన పడుకున్న ఆ మూడు వారాల మీద.

అన్నయ్యగారి దారి, వదిలెయ్యడం. అందులో తప్పేం లేదు. కానీ వదిలెయ్యడమంటే పాపను తీసేసి సింగిల్‌గా వేసుకోవడం అని మీరనుకుంటే, ఆ రెండు వేలే కాదు, ఇంకో నాలుగు వేలు కూడా వదిలేస్తున్నారు. ప్రస్తుతానికి అలాగే వేసి, మనసు కుదుటపడ్డాక 1040-ఎక్స్ వేసుకోవడానికి మామూలుగా మూడేళ్లు సమయం ఉంటుంది. కొందరికి అదే సరిపడుతుంది.

వీసా భయం గురించి. డిపెండెంట్ ఇద్దరి రిటర్న్‌లో కనిపించడం సివిల్ వివాదం, నేరారోపణ కాదు. విడాకులైన కుటుంబాల్లో ఈ నోటీసులు సాధారణం. నిజమని నమ్మి, కాగితాలు దగ్గర పెట్టుకుని వేసిన రిటర్న్ మీద ఉత్తరాలు నడిచినంత మాత్రాన మామూలుగా గ్రీన్‌కార్డు ఆగదు. తెలిసి అబద్ధం రాయడం వేరే సంగతి. అందుకే కోపంలో 193ని 210 చెయ్యకండి. ఐఆర్ఎస్ ఉత్తరం వస్తే కవరు తెరవకుండా పక్కన పెట్టడమే మన ఇళ్లలో అసలు ప్రమాదం, దాని మీదున్న గడువు దాటితే గెలవాల్సినవాళ్లు కూడా ఓడిపోతారు.

ఒక మాట అదనంగా. కొందరు పిల్లల పేరు మీద ఐపీ పిన్ తీసుకుని అవతలివాళ్లు ఈ-ఫైల్ చెయ్యలేకుండా తాళం వేస్తున్నారు. నంబరు దొంగతనానికి అది మంచి రక్షణే. డిక్రీ ప్రకారం ఆయన సంవత్సరంలో ఆ పిన్ ఇవ్వకుండా బిగబట్టుకుంటే మాత్రం, సంతకం పెట్టకపోవడం లాంటిదే అది కూడా.

2026 సరి సంవత్సరం, మీది. జనవరి 1 నుంచి పాప ఏ రాత్రి ఎక్కడ పడుకుందో ఫోన్ క్యాలెండర్‌లో ఒక్క అక్షరం వేసుకోండి, అమ్మ దగ్గరైతే అ, నాన్న దగ్గరైతే నా. డిసెంబరు 31 రాత్రి ఆ సంవత్సరంలోకే వస్తుంది, కొత్త ఏడాదిలోకి కాదు. ఈ వేసవి టికెట్లు బుక్ చేసే ముందు, ఆ రోజులు ఎవరి లెక్కలోకి వస్తాయో ఒక ఈమెయిల్‌లో ఇద్దరూ రాసుకోండి. ఇప్పటిదాకా నడిచిన నెలల అక్షరాలు కూడా ఇవాళే గుర్తుచేసుకుని నింపండి, స్కూలు బస్సు ఏ స్టాప్‌లో ఎక్కిందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.